రక్తనాళాల పూడికకు ఏ ఎంజైమ్‌ని ఆపాలి? నిలిచినవి, ఓడినవి, సీసాల్లో అమ్ముడయ్యేవి

స్టెంట్ వేయించుకుని ఇంటికి వచ్చిన మనిషి మందుల చీటీ తీసి చూడండి. అటోర్వాస్టాటిన్ ఉంటుంది, ఆస్పిరిన్ ఉంటుంది, చాలామందికి రామిప్రిల్ కూడా ఉంటుంది. మూడూ చేసేది ఒకే తరహా పని, ఒంట్లో ఏదో ఒక ఎంజైమ్‌ని ఆపడం. అటోర్వాస్టాటిన్ కాలేయంలో కొలెస్ట్రాల్ తయారుచేసే ఎంజైమ్‌ని ఆపుతుంది. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లలో ఒక ఎంజైమ్‌ని చంపేసి, అవి గుంపుగా అతుక్కోకుండా చూస్తుంది. రామిప్రిల్ రక్తనాళాల లోపొర మీద కూర్చుని నాళాన్ని బిగించే ఎంజైమ్‌ని ఆపుతుంది. అంటే ఎంజైమ్‌ని గురిపెట్టి పూడికలకు వైద్యం చేయడం రేపో మాపో రాబోయే వింతేమీ కాదు, లక్షల ఇళ్లలో రోజూ జరుగుతున్నదే.

అయినా కొత్తగా వినిపించే మాట ఒకటుంది. కాలేయంలోనో ప్లేట్‌లెట్లలోనో ఎందుకు, పూడిక ఉన్నచోటే, నాళం గోడలోనే చెడు చేస్తున్న ఎంజైమ్‌ని పట్టుకుంటే సరిపోతుంది కదా అని. ఈ ఆలోచన మీద పెద్ద పెద్ద మందుల కంపెనీలు ఏళ్ల తరబడి పందెం కాశాయి. అదే మాట ఇప్పుడు సప్లిమెంట్ల ప్రకటనల్లోనూ, హెల్త్ చెకప్ ప్యాకేజీల్లోనూ వేరే వేషంలో కనిపిస్తోంది. కాబట్టి మందుల షాపులో దొరికేవాటిని, ట్రయల్‌లో ఓడిపోయినవాటిని, ఆన్‌లైన్‌లో అమ్మేవాటిని ఒకే కొలతతో చూద్దాం.

కొలిచే పద్ధతి

ఏ ఎంజైమ్ గురించి ఎవరు చెప్పినా నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ సరిగా పనిచేయనివాళ్లకు గుండెపోట్లు తక్కువ వస్తున్నాయా? మందుతో దాన్ని ఆపినప్పుడు రక్తపరీక్షలో అంకె మారడమే కాకుండా గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాలు కూడా తగ్గాయా? ఆ లాభం స్టాటిన్ (అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మందు) వాడుతున్నవాళ్లలో కూడా కనిపించిందా?

మూడో ప్రశ్న చిన్నదిగా అనిపిస్తుంది గానీ చాలా మందులు అక్కడే బోల్తాపడ్డాయి. స్టాటిన్ అప్పటికే సగం పని చేసిపెట్టాక, మిగిలిన సగంలో ఈ కొత్త మందు ఏం చేస్తుందో చూపించాలి.

పూడిక ఎలా పెరుగుతుందో రెండు ముక్కల్లో చెప్పుకుంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే ఎల్‌డీఎల్ కణాలు ధమని లోపొర దాటి గోడలో చిక్కుకుంటాయి. అక్కడ అవి చెడిపోతే వాటిని మింగడానికి తెల్లకణాలు వస్తాయి. మింగి మింగి కొవ్వుతో ఉబ్బి చచ్చిపోతాయి. వాటి శిథిలాలు మధ్యలో మెత్తని ముద్దగా మిగులుతాయి, పైన పీచులాంటి కప్పు ఏర్పడుతుంది. ఏదో ఒకరోజు ఆ కప్పు చిట్లితే దాని మీద రక్తం గడ్డకడుతుంది. గుండెపోటు అంటే చాలాసార్లు ఇదే. ఈ కథలో ప్రతి మలుపు దగ్గరా ఒక ఎంజైమ్ దొరుకుతుంది. ఎల్‌డీఎల్‌ని చెడగొట్టేది ఒకటి, కొవ్వును నిల్వచేసేది ఒకటి, కప్పును కొరికేది ఇంకొకటి. చూసేవాళ్లకు ఆశ పుట్టడం సహజమే. కానీ చెరువు గట్టు తెగినచోట ఇసుక బస్తాలు కూడా కనిపిస్తాయి, బస్తాల వల్లే గట్టు తెగిందని ఎవరూ అనరు.

గోడలోని ఎంజైమ్‌లు: పెద్ద ఆశలు, పెద్ద ఓటములు

అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఎల్‌పీ-పీఎల్‌ఏ2 అనే ఎంజైమ్. ఇది రక్తంలో ఎక్కువగా ఎల్‌డీఎల్ కణాల మీదే ఎక్కి తిరుగుతుంది. గోడలోకి వెళ్లాక చెడిపోయిన కొవ్వును ముక్కలుచేసి, వాపును రెచ్చగొట్టే పదార్థాలను వదులుతుంది. చిట్లిన పూడికల్లో ఇది దండిగా కనిపించింది. రక్తంలో ఇది ఎక్కువున్నవాళ్లకు గుండెపోట్లు కూడా ఎక్కువే వచ్చాయి. దీన్ని ఆపడానికి డారాప్లాడిబ్ అనే మాత్ర తయారైంది. షుగర్, కొలెస్ట్రాల్ రెండూ ఉన్న పందుల్లో అది పూడిక మధ్యలోని ముద్దను తగ్గించిందని 2008లో ఫలితాలు వచ్చాయి. ఇక మనుషుల వంతు.

2014లో రెండు పెద్ద ట్రయల్స్ బయటికి వచ్చాయి. స్టెబిలిటీ అనేదానిలో 15,828 మంది గుండె జబ్బు పేషెంట్లున్నారు. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం కలిపి లెక్కేస్తే మందు వాడినవాళ్లలో 9.7 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 10.4 శాతం మందికి ఏదో ఒకటి జరిగింది. అంత చిన్న తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు కాబట్టి దాన్ని లాభంగా లెక్కకట్టలేదు. సాలిడ్-టిమీ 52 అనే రెండో ట్రయల్‌లో, కొత్తగా గుండెపోటు లాంటి ప్రమాదం దాటిన 13,026 మందిలో ఆ మాత్రం తేడా కూడా లేదు. ఎంజైమ్ మాత్రం చక్కగా తగ్గింది. మందు తన పని తాను చేసింది, జబ్బుకు అది పట్టలేదు. పైగా విరేచనాలు, ఒంటి నుంచి మలమూత్రాల నుంచి వింత వాసన అని జనం ఫిర్యాదు చేశారు.

ఎందుకిలా? నా మొదటి ప్రశ్నకు జవాబు ముందే ఉంది, దాన్ని అడిగినవాళ్లు తక్కువ. జపాన్, కొరియా, చైనాల్లో చాలామందికి పుట్టుకతోనే ఈ ఎంజైమ్ పనిచేయదు, లేదా సగమే పనిచేస్తుంది. చైనాలో తొంభై వేల మందికి పైగా జన్యువులు చూస్తే, ఎంజైమ్ తక్కువున్నవాళ్లకు గుండె జబ్బులు తక్కువేమీ రాలేదు. ఎల్‌డీఎల్ ఎక్కువున్నచోట దాని మీద ఎక్కి తిరిగే ఎంజైమ్ కూడా ఎక్కువుంటుంది, అంతే. ఇప్పటికీ కొన్ని ల్యాబులు ఎల్‌పీ-పీఎల్‌ఏ2 పరీక్ష అమ్ముతాయి. అంకె ఎక్కువ వచ్చినా చేయాల్సిన వైద్యం మారదు కాబట్టి నేనైతే దానికి డబ్బు పెట్టను. అదే డబ్బుతో జీవితంలో ఒక్కసారి లైపోప్రొటీన్-ఏ అనే కొవ్వు కణం పరీక్ష చేయించుకోవడం మేలు. అది వంశపారంపర్యంగా వచ్చేది, తండ్రికో అన్నకో చిన్న వయసులో గుండెపోటు వచ్చిన ఇళ్లలో తప్పకుండా చూడాల్సింది.

దీని చుట్టం ఎస్‌పీఎల్‌ఏ2. దీన్ని ఆపే వారెస్‌ప్లాడిబ్ కథ ఇంకా చేదు. విస్టా-16 ట్రయల్‌లో 5,145 మంది చేరారు. అందరికీ అటోర్వాస్టాటిన్ ఇచ్చారు, సగం మందికి ఈ మందు అదనం. లాభం లేకపోగా హాని కనిపించడంతో 2012లో మధ్యలోనే ఆపేశారు. మందు వాడినవాళ్లలో 3.4 శాతం మందికి గుండెపోటు వస్తే వాడనివాళ్లలో 2.2 శాతానికే వచ్చింది. అయితే ఆ మందు చెత్తబుట్టలోకి పోలేదు. పాము విషంలో కూడా ఇదే జాతి ఎంజైమ్ ఉంటుంది కాబట్టి, మన దేశంలోనూ అమెరికాలోనూ పాముకాటు పేషెంట్ల మీద దాన్ని పరీక్షించారు. గుండెకు పనికిరాని మాత్ర పొలంలో పాము కరిచిన రైతుకు పనికొస్తుందేమోనని చూడటం నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చిన మలుపు.

కణాల్లో కొలెస్ట్రాల్‌ని నిల్వరూపంలోకి మార్చే ఏక్యాట్ ఎంజైమ్‌ని ఆపితే తెల్లకణాలు ఉబ్బవు అనుకున్నారు. పాక్టిమైబ్‌తో 2006లో అల్ట్రాసౌండ్ తీగ ధమనిలోకి పంపి చూస్తే పూడిక తగ్గలేదు, కొన్ని కొలతల్లో పరిస్థితి మందు లేనివాళ్లకంటే పాడైంది. నిల్వ చేసుకోలేని కొలెస్ట్రాల్ కణానికి విషమే. కప్పును కొరికే ఎంఎంపీ ఎంజైమ్‌ల మీద కూడా ఆశలు పెట్టుకున్నారు. వాటిలో అన్నిటినీ గుడ్డిగా ఆపే మందులు క్యాన్సర్ ట్రయల్స్‌లోనే కీళ్లు, కండరాలు పట్టేసేలా చేశాయి. పాత యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్‌ని తక్కువ డోసులో చిన్న ట్రయల్స్‌లో వాడి చూశారు, గుండెపోట్లు తగ్గినట్టు తేలలేదు. తెల్లకణాల్లోని మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ మీద పని ఇంకా ల్యాబుల్లోనే ఎక్కువ. ఈ మూడింటిలో ఈరోజు చీటీ మీద రాయదగ్గది ఒక్కటీ లేదు.

గోడ మీద నిలిచింది ఒకటుంది

అన్నీ ఓడాయంటే రామిప్రిల్‌కు అన్యాయం చేసినట్టవుతుంది. ఏసీఈ అనే ఎంజైమ్ నిజంగానే రక్తనాళాల లోపొర మీద ఉంటుంది. నాళాన్ని బిగించే యాంజియోటెన్సిన్-2ని తయారుచేస్తుంది, వదులుచేసే బ్రాడీకైనిన్‌ని విరగ్గొడుతుంది. దీన్ని ఆపే మందుల పుట్టుక కూడా పాము విషంలోనే ఉంది. బ్రెజిల్‌లోని జరారాకా అనే రక్తపింజరిలాంటి పాము విషం మీద పనిచేస్తూ కాప్టోప్రిల్ దాకా వచ్చారు.

2000లో వచ్చిన హోప్ ట్రయల్‌ని నడిపింది కేరళలో పుట్టి కెనడాలో స్థిరపడ్డ సలీం యూసుఫ్. గుండె జబ్బో, షుగర్‌తో పాటు ఇంకో ముప్పో ఉన్న 9,297 మందిలో రోజుకు 10 మిల్లీగ్రాముల రామిప్రిల్‌తో గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ మరణం కలిపి 17.8 శాతం నుంచి 14 శాతానికి దిగింది. ఆ రోజుల్లో ఇప్పటిలా అందరికీ స్టాటిన్ లేదు, అది గుర్తుపెట్టుకోవాలి. తర్వాత 2004లో పీస్ అనే ట్రయల్‌లో, గుండె పంపింగ్ బాగుండి మిగతా మందులన్నీ సరిగ్గా వాడుతున్నవాళ్లకు ఇదే తరహా మందు అదనపు లాభం ఇవ్వలేదు. కాబట్టి నా లెక్క ఇది: పూడికతో పాటు బీపీ, షుగర్, పంపింగ్ తగ్గడం, మూత్రంలో ప్రోటీన్, వీటిలో ఏ ఒక్కటున్నా ఈ మందుకు చోటుంది. ఏదీ లేకుండా కేవలం పూడిక ఉందని మాత్రమే వాడటానికి ఆధారం పలుచన.

బ్రాడీకైనిన్ విరగకుండా పేరుకోవడం వల్ల కొందరికి పొడి దగ్గు వస్తుంది. వారాల తరబడి దగ్గు సిరప్పులు తాగుతూ, ఎక్స్‌రేలు తీయించుకుంటూ తిరిగేవాళ్లున్నారు. మాత్ర పేరు చివర ప్రిల్ అని ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే డాక్టరుతో చెప్పి టెల్మిసార్టాన్‌కి మారొచ్చు. 2008 నాటి ఆన్‌టార్గెట్ ట్రయల్‌లో అది రామిప్రిల్‌కి ఏమాత్రం తీసిపోలేదు. అదే ట్రయల్ రెండూ కలిపి వాడితే లాభం పెరగదని, కిడ్నీకి ఇబ్బంది ఎక్కువవుతుందని కూడా చూపించింది. గర్భిణులు రెండిట్లో ఏదీ వాడకూడదు. పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు మొదట్లో ఒకసారి చేయించాలి.

గోడకు దూరంగా, కాలేయంలో

పూడికల మీద అసలు విజయం గోడకు చాలా దూరంగా వచ్చింది. జపాన్‌లో అకిరా ఎండో 1973లో ఒక బూజు నుంచి మొదటి స్టాటిన్‌ని తీశారు. 1987లో లోవాస్టాటిన్ అమెరికాలో అమ్మకానికి వచ్చింది. 1994లో 4,444 మందితో చేసిన స్కాండినేవియా ట్రయల్‌లో సిమ్వాస్టాటిన్ మొత్తం మరణాలనే 30 శాతం తగ్గించింది. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారుచేసే ఎంజైమ్, హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్, స్టాటిన్ వల్ల ఆగితే కాలేయానికి కొలెస్ట్రాల్ కొరత వస్తుంది. అప్పుడది రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాక్కుంటుంది, గోడలోకి వెళ్లే సరుకే తగ్గిపోతుంది. చాలా ట్రయల్స్ కలిపి చూస్తే ఎల్‌డీఎల్ సుమారు 39 పాయింట్లు తగ్గిన ప్రతిసారీ పెద్ద ప్రమాదాలు ఐదో వంతుకు పైగా తగ్గాయి. మొదటి రెండు ప్రశ్నలకూ తడుముకోకుండా జవాబు చెప్పే ఎంజైమ్ ఇది, మూడో ప్రశ్నకు కొలబద్దే ఇది.

స్టాటిన్లలో ఏది? అటోర్వా(స్టాటిన్), రోసువా(స్టాటిన్) మధ్య తగవు పెద్దగా లేదు. కొరియాలో 4,400 మందితో చేసి 2023లో ప్రచురించిన లోడ్‌స్టార్ ట్రయల్‌లో గుండె విషయంలో రెండూ సమానమే. రోసువాలో కొత్త షుగర్, కంటిశుక్లం ఆపరేషన్ కాస్త ఎక్కువ. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు అటోర్వా తేలిక, దాని డోసు తగ్గించాల్సిన పని లేదు. మన ఆసియా వాళ్ల రక్తంలో రోసువా మోతాదు దాదాపు రెట్టింపు నిలుస్తుంది, అందుకే 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమంటారు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉంటున్న తెలుగువాళ్లు ఈ సంగతి అక్కడి డాక్టరుకు ఒకసారి గుర్తుచేస్తే తప్పులేదు. గొంతు నొప్పికి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే మాత్రం అటోర్వా వాడుతున్నట్టు చెప్పాలి. రాత్రే వేసుకోవాలన్న నియమం సిమ్వాస్టాటిన్‌లాంటి పాతవాటికే. అటోర్వా, రోసువా ఏ పూటైనా పరవాలేదు, రోజూ మరిచిపోకుండా వేసుకోవడమే ముఖ్యం.

అసలు ఎంపిక మందు పేరులో లేదు, డోసు పెంచాలా ఇంకోటి కలపాలా అన్నదాంట్లో ఉంది. స్టాటిన్ డోసు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ ఇంకో 6 శాతం మాత్రమే తగ్గుతుంది. ఎల్‌డీఎల్ 140 ఉన్న మనిషిని తీసుకోండి. అటోర్వా 40తో సుమారు 71కి వస్తుంది. 80కి పెంచితే 63. అలా పెంచకుండా 40కే ఎజెటిమైబ్ 10 కలిపితే 57 దగ్గరికి చేరుతుంది. ఎజెటిమైబ్ ఆపేది ఎంజైమ్‌ని కాదు, పేగులో కొలెస్ట్రాల్‌ని లోపలికి తీసుకునే ద్వారాన్ని. అయినా పోలికలో దాన్ని వదిలేయలేం. 2022లో రేసింగ్ అనే కొరియా ట్రయల్ రోసువా 10తో ఎజెటిమైబ్ కలిపినవాళ్లకూ, ఒంటరిగా రోసువా 20 వాడినవాళ్లకూ గుండె ఫలితాలు సమానమేనని, కలిపినవాళ్లలో మందు మానేసినవాళ్లు తక్కువని చూపించింది. గుండె జబ్బు ఉన్నవాళ్లకు 2024లో కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా పెట్టిన లక్ష్యం 55 లోపు. ఒక్క మాత్రతో అక్కడికి చేరేవాళ్లు తక్కువ కాబట్టి కలపడం ఆలస్యం చేయకపోవడమే నయం.

స్టాటిన్ వద్దనడానికి జనం చెప్పే కారణాలు రెండు, ఒళ్లునొప్పులు, షుగర్. సామ్సన్ అనే చిన్న ట్రయల్‌లో నొప్పులని స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ ఇవ్వకుండా చూశారు. స్టాటిన్‌తో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. నొప్పి అబద్ధం కాదు, కారణం మాత్రం చాలామందిలో మాత్ర కాదు. షుగర్ మాట నిజమే. ఎక్కువ డోసులో కొత్త షుగర్ కేసులు మూడో వంతుకు పైగా పెరుగుతాయి, అయితే అవి ఎక్కువగా అప్పటికే షుగర్ అంచున ఉన్నవాళ్లవి. గుండెపోటు వచ్చినవాళ్లకు ఈ బేరం ఇప్పటికీ లాభసాటే. ముప్పు తక్కువున్న ముప్పై ఏళ్లవాళ్లకు, పొట్ట తగ్గించుకునే అవకాశం ఇంకా చేతిలో ఉన్నప్పుడు, డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

నిజంగానే స్టాటిన్ పడనివాళ్లకు అదే దారిలో ఒక మెట్టు పైనున్న ఎంజైమ్‌ని ఆపే బెంపెడోయిక్ యాసిడ్ ఉంది. ఆ ఎంజైమ్ పేరు ఏటీపీ సిట్రేట్ లైయేజ్. ఈ మందు కాలేయంలోకి వెళ్లాకే పనిచేసే రూపం దాలుస్తుంది. దాన్ని అలా మార్చే ఎంజైమ్ కండరాల్లో లేదు కాబట్టి కండరాల నొప్పి భయం తక్కువ. 2023లో 13,970 మందితో చేసిన క్లియర్ అవుట్‌కమ్స్‌లో ఎల్‌డీఎల్ ఐదో వంతు తగ్గింది, పెద్ద ప్రమాదాలు 13 శాతం తగ్గాయి. యూరిక్ యాసిడ్ పెరుగుతుంది, గౌట్, పిత్తాశయంలో రాళ్లు కాస్త ఎక్కువ. బొటనవేలు వాచే గౌట్ చరిత్ర ఉంటే నేను దీన్ని ముందువరుసలో పెట్టను. మంచి స్టాటిన్ డోసు పడుతున్నవాళ్లకు కేవలం కొత్తదని దీనికి మారడంలో అర్థం లేదు.

పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్ పుట్టుకతో ఎంజైమ్ కుటుంబంలోదే, కానీ తనను తాను ఒకసారి కోసుకున్నాక ఇక ఎంజైమ్‌లా పనిచేయదు. కాలేయం మీద ఎల్‌డీఎల్‌ని లాక్కునే గ్రాహకాలను పట్టుకుని నాశనానికి పంపిస్తుంది. 2003లో ఫ్రెంచి కుటుంబాల్లో దీని జాడ దొరికింది. 2006లో అమెరికా నల్లజాతివాళ్లలో ఈ జన్యువు చెడినవాళ్లకు ఎల్‌డీఎల్ 28 శాతం, గుండె జబ్బు ముప్పు 88 శాతం తక్కువని తేలింది. డారాప్లాడిబ్‌కి లేనిదీ దీనికి ఉన్నదీ ఈ జన్యు సాక్ష్యమే. పీసీఎస్‌కే9ని ఆపే ఎవోలోకుమాబ్ ఇంజెక్షన్‌తో 27,564 మంది ట్రయల్‌లో ఎల్‌డీఎల్ 92 నుంచి 30కి పడిపోయింది, ఇదీ స్టాటిన్ మీద అదనంగా. రెండు వారాలకోసారి పొడుచుకోవాలి. దాన్నే గురిపెట్టే ఇంక్లిసిరాన్ ఇంజెక్షన్ అయితే మొదటి రెండు డోసుల తర్వాత ఆరునెలలకోసారి చాలు. ఖర్చు వేలల్లో, లక్షల్లో ఉంటుంది, ఇన్సూరెన్స్ ఇస్తుందో లేదో ముందే కనుక్కోండి. వంశపారంపర్యంగా ఎల్‌డీఎల్ 200 దాటే ఇళ్లలోనూ, మాత్రలన్నీ వాడుతూ మళ్లీ గుండెపోటు వచ్చినవాళ్లలోనూ ఆ డబ్బుకు విలువుంది. మాత్రలు వారానికి నాలుగు రోజులు మరిచిపోయే మనిషికి ముందు ఆ నాలుగు రోజుల సంగతి చూడాలి.

ఆపకూడని ఎంజైమ్‌లు

దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ గానీ మన ఊళ్లలో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోందని నా అనుమానం. రక్తనాళం గోడలో కాక్స్-2 అనే ఎంజైమ్ ఉంటుంది. అది గోడను నున్నగా, గడ్డ అంటకుండా ఉంచే ప్రోస్టాసైక్లిన్ తయారీలో పాలుపంచుకుంటుంది. మోకాళ్ల నొప్పి మాత్రలు ఆపేది దీన్నే. రోఫెకాక్సిబ్‌ని గుండెపోట్లు పెరిగాయని 2004లో ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు. డైక్లోఫెనాక్ ఆ గుణంలో దానికి పెద్ద దూరంలో లేదు. అయినా మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతూనే ఉంది. స్టెంట్ ఉన్నవాళ్లు నడుం నొప్పికి ముందు పారాసిటమాల్ చూడాలి. ఐబుప్రోఫెన్ అయితే ఆస్పిరిన్ కూర్చోవాల్సిన చోట తాను కూర్చుని దాని పనిని చెడగొడుతుంది.

ఆస్పిరిన్ ఆపేది ప్లేట్‌లెట్లలోని కాక్స్-1ని. ప్లేట్‌లెట్‌కి కేంద్రకం లేదు, కొత్త ఎంజైమ్ తయారుచేసుకోలేదు. అందుకే 75 మిల్లీగ్రాములు రోజుకొకటి చాలు. గుండెపోటు, స్టెంట్, పక్షవాతం అయినవాళ్లకు ఇది ఉండాల్సిందే. ఏ జబ్బూ లేకుండా వయసు యాభై దాటిందని ముందు జాగ్రత్తగా మొదలుపెట్టడం మాత్రం 2018 తర్వాత నిలబడలేదు. షుగర్ పేషెంట్లతో చేసిన అసెండ్ ట్రయల్‌లో గుండె ప్రమాదాలు 12 శాతం తగ్గితే, పెద్ద రక్తస్రావాలు 29 శాతం పెరిగాయి.

ఇంకొకటి ఈనాస్. నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసి నాళాన్ని వదులుగా ఉంచే ఎంజైమ్. సిగరెట్ దీన్ని పాడుచేస్తుంది, నడక పెంచుతుంది. దీనికి ముడిసరుకు కదా అని ఆర్జినైన్ పొడి అమ్ముతారు. గుండెపోటు వచ్చిన 153 మందికి ఆర్జినైన్ ఇచ్చి చూసిన ట్రయల్‌ని మధ్యలో ఆపాల్సి వచ్చింది. అది వాడినవాళ్లలో ఆరుగురు చనిపోయారు, వాడనివాళ్లలో ఒక్కరూ లేరు. చిన్న ట్రయలే, యాదృచ్ఛికం కావచ్చు. కానీ గుండెపోటు వచ్చిన మనిషికి జిమ్ పొడి ఇవ్వకపోవడానికి ఆ మాత్రం చాలు.

సీసాల్లోని ఎంజైమ్‌లు

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో ప్రేమగా పంపే నాట్టోకైనేజ్ సీసా ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. జపాన్‌వాళ్లు తినే పులియబెట్టిన సోయా నుంచి తీసిన ఎంజైమ్ అది. గడ్డకట్టిన రక్తంలోని ఫైబ్రిన్‌ని పరీక్షనాళికలో కరిగిస్తుంది, అది నిజం. కానీ పూడిక ఫైబ్రిన్ గడ్డ కాదు, కొలెస్ట్రాల్, కణాలు, పీచు, సున్నం కలిసిన గోడ. అమెరికాలో 265 మందితో దాదాపు మూడేళ్లు చేసిన ట్రయల్‌లో మెడ ధమని గోడ మందం పెరగడాన్ని అది తగ్గించలేదు. గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లు దీన్ని కలిపితే రక్తస్రావం భయం కూడా తోడవుతుంది. పిల్లలను నొప్పించడం ఇష్టం లేకపోతే సీసా అలమారాలో పెట్టండి, చీటీలోని మందు మాత్రం మానకండి.

సెర్రాషియోపెప్టిడేజ్ వాపు మాత్రల్లో కలిపి మన దగ్గర విచ్చలవిడిగా అమ్ముడవుతుంది. పూడికలకు దానితో లాభమని చూపిన పెద్ద ట్రయల్ లేదు. రెడ్ ఈస్ట్ రైస్ (బూజుతో పులియబెట్టిన ఎర్ర బియ్యం) విషయం వేరు, అందులో ఉన్నది అచ్చంగా లోవాస్టాటినే. స్టాటిన్ వద్దని అది వాడేవాళ్లు తెలియకుండా స్టాటినే మింగుతున్నారు, కాకపోతే సీసాకీ సీసాకీ డోసు మారిపోయే స్టాటిన్. కొన్నిటిలో కిడ్నీకి హానిచేసే సిట్రినిన్ కూడా దొరికింది. ఆ డబ్బులో చిన్న భాగానికి జన ఔషధి షాపులో డోసు కచ్చితంగా ఉన్న మాత్ర వస్తుంది.

ట్రయల్‌లో చేరమంటే

హైదరాబాద్, విశాఖ, విజయవాడ లాంటి చోట్ల పెద్ద ఆసుపత్రుల్లో కొత్త మందుల ట్రయల్స్ నడుస్తుంటాయి, ఎప్పుడో ఒకప్పుడు మీ ఇంట్లోవాళ్లనూ అడగొచ్చు. చేరడం తప్పు కాదు. పైన చెప్పిన అంకెలన్నీ అలా చేరినవాళ్లు ఇచ్చినవే. ముందు ఆ ట్రయల్ భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఉందో లేదో చూడండి, ఉండి తీరాలి. ఇప్పుడు వాడుతున్న స్టాటిన్, ఆస్పిరిన్ కొనసాగిస్తారా అని అడగండి, ఆపాలంటే ఒప్పుకోకండి. ఆ ఎంజైమ్ పుట్టుకతో తక్కువున్నవాళ్ల సంగతి ఏమిటని కూడా అడగండి. మంచి పరిశోధకుడైతే ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు. మందు వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ మాట సమ్మతి పత్రంలో తెలుగులో ఉందో లేదో చదివాకే సంతకం పెట్టండి.